ఊరెరిగిన డాక్టరు

*జమ్మలమడుగు మిషనాసుపత్రి నుంచి పులివెందుల దాకా సాగిన వైఎస్ రాజశేఖరరెడ్డి వైద్య జీవితం, నేటి వైద్య కళాశాల వివాదానికి ఏం చెబుతోంది?*

నులకమంచం మీద మనిషిని పడుకోబెట్టి నలుగురు భుజాలకెత్తుకుంటారు. ముందు ఒకరు లాంతరు పట్టుకుని దారి చూపిస్తుంటే, వెనక ఆడవాళ్లు ఏడుపు దిగమింగుకుంటూ నడుస్తారు. పరుపురాళ్ల దారి, మధ్యలో ఎండిపోయిన వంక. తారురోడ్డు దాకా చేరితే తెల్లవారుజామున ఒక బస్సు వస్తుంది, డ్రైవరు దయతలచి మంచం పైకెక్కించనిస్తే అదృష్టం. 1970ల మొదట్లో సింహాద్రిపురం, లింగాల, వేముల, కొండాపురం పల్లెల్లో రోగం ముదిరిందంటే ఇదే ప్రయాణం. పాము కరిచినా, కాన్పు అడ్డం తిరిగినా, పిల్లకాయలకు వాంతులూ విరేచనాలూ పట్టుకున్నా, కక్షల్లో కత్తిపోట్లు పడినా మంచమే అంబులెన్సు. ధర్మాసుపత్రికి పోతే డాక్టరు ఉంటాడో ఉండడో తెలియదు. పెద్ద రోగమైతే కడప, కర్నూలు, అదీ దాటితే రాయవేలూరు. ధర్మాసుపత్రికీ పెద్దాసుపత్రికీ మధ్య ఉన్న వెలితిని నాటువైద్యుడో, మంత్రగాడో, సూది వేసే ఆర్‌ఎంపీనో పూడ్చేవారు. 1971లో మన దేశంలో పుట్టిన ప్రతి 1000 మంది శిశువుల్లో 129 మంది ఏడాది నిండకుండానే చనిపోయారు. ఆ 129లో మన పల్లెల పిల్లలూ ఉన్నారు.

అలాంటి రోజుల్లో, 1973లో, పాతికేళ్లు నిండని ఒక కుర్ర డాక్టరు పులివెందులలో తండ్రి రాజారెడ్డి పేరిట 70 పడకల ఆసుపత్రి తెరిచారు. ఆ డాక్టరే తర్వాత ముఖ్యమంత్రి అయ్యారు. ముఖ్యమంత్రిగా ఆయన గురించి రాసినవీ మాట్లాడినవీ కొండంత. డాక్టరుగా ఆయన గడిపిన కాలం గురించి మాత్రం ‘రూపాయి డాక్టరు’ అన్న ఒక్క మాటతో సరిపెట్టేస్తున్నాం.

ఇప్పుడు ఆ సంగతి తీయడానికి కారణం ఉంది. పులివెందుల ప్రభుత్వ వైద్య కళాశాల పేరు కొంతకాలంగా రాష్ట్రమంతటా నలుగుతోంది. గత ప్రభుత్వం తలపెట్టిన 17 కొత్త కళాశాలల్లో అదొకటి. 2024లో జాతీయ వైద్య కమిషన్ 50 సీట్లకు అనుమతి ఇస్తే, సిబ్బందీ వసతులూ సరిపోవంటూ రాష్ట్ర ప్రభుత్వం ఆ సీట్లు వద్దని రాసింది. 2025 సెప్టెంబరులో పులివెందులతో కలిపి 10 కళాశాలలను ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్యంలో కట్టి నడపాలని మంత్రివర్గం నిర్ణయించింది. ప్రజల సొత్తును ప్రైవేటుకు కట్టబెడుతున్నారని ప్రతిపక్షం అంటోంది. యాజమాన్య హక్కు ప్రభుత్వానిదేననీ, పనులు త్వరగా పూర్తవుతాయనీ అధికారపక్షం అంటోంది. కళాశాల ఎవరి చేతిలో ఉండాలన్నది చిన్న ప్రశ్నేమీ కాదు. అయితే అక్కడ చదివి బయటికొచ్చే డాక్టరు రేపు ఏ ఊళ్లో కూర్చుంటాడన్న ప్రశ్నను రెండు పక్షాల్లో ఎవరూ గట్టిగా అడగడం లేదు. రాజశేఖరరెడ్డి వైద్య జీవితాన్ని నిదానంగా చూస్తే, ఆయన పేరు చెప్పుకునేవాళ్లూ ఆయన్ని విమర్శించేవాళ్లూ కూడా వదిలేసిన ప్రశ్న అదేనని తెలుస్తుంది.

మిషనాసుపత్రి నేర్పిన పద్ధతి

జమ్మలమడుగులో పెన్న ఒడ్డున పందొమ్మిదో శతాబ్దం చివర్లో లండన్ మిషనరీ సొసైటీ వైద్యసేవ మొదలుపెట్టింది. దానికి రూపమిచ్చిన డాక్టర్ క్యాంప్‌బెల్ పేరే ఆసుపత్రికి నిలిచింది. ఇవాళ్టికీ అది సీఎస్ఐ క్యాంప్‌బెల్ ఆసుపత్రి, పాతతరం నోట్లో మాత్రం మిషనాసుపత్రి. 1949 జులై 8న రాజశేఖరరెడ్డి పుట్టింది అక్కడే. బళ్లారిలో బడి చదువు, విజయవాడ లయోలా కళాశాల, గుల్బర్గాలోని మహాదేవప్ప రాంపురె వైద్య కళాశాలలో ఎంబీబీఎస్, తిరుపతి శ్రీవేంకటేశ్వర వైద్య కళాశాలలో హౌస్‌సర్జన్సీ అయ్యాక, తాను పుట్టిన ఆసుపత్రికే వైద్యాధికారిగా వచ్చారు. అక్కడ పనిచేసింది కొద్దికాలమే అయినా, పులివెందులలో ఆయన ఏం చేశారో అర్థం కావాలంటే ముందు జమ్మలమడుగును చూడాలి.

మిషన్ ఆసుపత్రుల నడక ఎక్కడైనా దాదాపు ఒకటే. ఉన్నవాడి దగ్గర తీసుకోవాలి, లేనివాడిని తిప్పి పంపకూడదు. డాక్టరు ఆసుపత్రి ఆవరణలోనే కాపురం ఉంటాడు కాబట్టి అర్ధరాత్రి తలుపు తట్టినా పలుకుతాడు. రోగితో వచ్చినవాళ్లు ఆ చెట్ల కిందే మూడు రాళ్ల పొయ్యి పెట్టుకుని సంగటి వండుకుంటారు. ఆసుపత్రి అంటే జనానికి ఉన్న బెదురు పోవడానికి ఆ పొయ్యిలు చేసిన మేలు మందులు చేసినదానికి తక్కువేమీ కాదు. పక్క పల్లె మనిషి పక్క పడకలో కనబడతాడు, మాటలు కలుస్తాయి, బాగై ఇంటికి పోయినవాడు ఇంకో ఇద్దరికి దారి చెబుతాడు. ప్రకటనలు లేని కాలంలో ఒక ఆసుపత్రికి ఊరి నమ్మకం కుదిరిన తీరు ఇది. మత ప్రచారం కోసమే ఇదంతా చేశారు కదా అని అనేవాళ్లు ఉంటారు. ఆ ఉద్దేశం లేదని ఎవరూ అనరు, మిషనరీలు దాన్ని దాచుకోనూ లేదు. అయినా సీమలో మామూలు జనం గడప దాకా అల్లోపతి వైద్యం తెచ్చినవాటిలో ఇలాంటి ఆసుపత్రులు ముందువరసలో ఉన్నాయన్నది చరిత్ర. ఉద్దేశాన్ని ప్రశ్నిస్తూనే పనిని లెక్కలోకి తీసుకోవడం కుదరని పనేమీ కాదు.

> పురుగుల మీద మనసుపడ్డ డాక్టరు
> జమ్మలమడుగు ఆసుపత్రికి పేరునిచ్చిన డాక్టర్ థామస్ విన్సెంట్ క్యాంప్‌బెల్‌కు కీటకాల సేకరణ అంటే మక్కువ. తర్వాతి కాలంలో ఆయన మైసూరు సంస్థానంలోని చిక్కబళ్లాపురంలో మిషన్ వైద్యుడిగా పనిచేశారు. బ్రిటిష్ ఇండియా జంతుజాల గ్రంథాల్లో చాలా పురుగుల వివరాల పక్కన చిక్కబళ్లాపురం పేరు, సేకరించిన వ్యక్తిగా క్యాంప్‌బెల్ పేరు కనబడతాయి.

రూపాయి వెనకున్న లెక్క

పులివెందుల ఆసుపత్రిలో ఆయన తీసుకున్నది రూపాయి అనేవాళ్లున్నారు, రెండు రూపాయలనేవాళ్లూ ఉన్నారు. ఏదైనా సరే, ఆ మొత్తాన్ని ఇవాళ్టి కళ్లతో చూసి ‘ఉచితం’ అనుకుంటే పొరపాటు. వ్యవసాయ కూలికి రోజంతా ఒళ్లు వంచితే రెండు మూడు రూపాయలు చేతికొచ్చిన కాలమది. ఆ లెక్కన రూపాయి అంటే కూలిలో మూడో వంతో సగమో. దాన్ని దానం అనలేం. పేదవాడు ఇవ్వగలిగిన ఫీజు అది, ఇచ్చాను అనుకుని తలెత్తుకుని వెళ్లగలిగిన ఫీజు. ‘ఊరికే ఇచ్చే మందు పనిచేయదు’ అన్న అనుమానం పల్లెల్లో ఇప్పటికీ ఉంది. రూపాయి ఇచ్చినవాడు ఆ డాక్టరు మీద తనకు హక్కుందనుకుంటాడు, మళ్లీ వస్తాడు, జబ్బు తగ్గలేదని నిలదీస్తాడు కూడా. వైద్యానికి ఆ నిలదీత చాలా అవసరం.

ఆ తరం చిన్న ఆసుపత్రుల ఓపీ ఎలా ఉండేదో పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. చీటీ చేతికిచ్చాక కాంపౌండరు కిటికీ దగ్గర సీసా చాపాలి. సీసా ఇంటి నుంచే తెచ్చుకోవాలి, తెచ్చుకోకపోతే బయట అంగట్లో కొనుక్కోవాలి. ఎర్రటి మిక్చరు పోసి, కాగితం ముక్కను మెట్లుమెట్లుగా కత్తిరించి జిగురుతో సీసాకు అంటించేవారు. పొద్దున ఒక మెట్టు, మధ్యాహ్నం ఒక మెట్టు, రాత్రి ఒక మెట్టు. అక్షరం రాని తల్లి కూడా మోతాదు తప్పేది కాదు. మూడోరోజు ఖాళీ సీసాతో మళ్లీ వచ్చేది. ఆ మూడోరోజు రావడమే అసలు వైద్యం. మొదటిరోజు జ్వరమని చూసినదాన్ని టైఫాయిడ్ అని పట్టుకోవడానికీ, పిల్లవాడు తేరుకుంటున్నాడా జారిపోతున్నాడా అని తేల్చడానికీ రెండో చూపు కావాలి. డాక్టరు ఊళ్లో ఉండి, ఫీజు అందుబాటులో ఉంటేనే ఆ రెండో చూపు దొరుకుతుంది. చౌక ఫీజు తెరిచింది తలుపు మాత్రమే. రోగిని బతికించింది లోపల ఒకే మనిషి, అదే కుర్చీలో, మళ్లీ మళ్లీ దొరకడం.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, అందులో బలం కూడా ఉంది. రాజారెడ్డి వ్యాపారాలూ పలుకుబడీ ఉన్న మనిషి. ఆయన కొడుక్కి రూపాయి ఫీజుతో బతకాల్సిన అవసరం లేదు. అప్పు చేసి చదివిన డాక్టరును అదే పని చేయమనడం న్యాయమా? న్యాయం కాదు. ప్రైవేటు సీటుకు లక్షలు, పీజీకి కోటి దాకా పోసి వచ్చిన కుర్రాడిని త్యాగం చేయమని ఉపన్యాసాలివ్వడం దండగ. రూపాయి డాక్టరు కథను త్యాగం కథగా చెప్పుకోవడంలో ఉన్న చిక్కే ఇది. త్యాగం అన్నామంటే అది ఎక్కడో ఒక మహానుభావుడు చేసే పని అవుతుంది, మిగతావాళ్లం చప్పట్లు కొట్టి ఇంటికి పోవచ్చు. ఆ ఫీజుకూ అసలు ఖర్చుకూ ఉన్న తేడాను ఆ రోజుల్లో ఒక కుటుంబం భరించింది. ఇవాళ ప్రభుత్వం భరించాలి. కథ నుంచి తేలే లెక్క అంతే.

అయిదేళ్లేనా?

రెండో అభ్యంతరం ఇంకా సూటిగా ఉంటుంది. 1973లో ఆసుపత్రి తెరిచారు, 1978లో పులివెందుల ఎమ్మెల్యే అయ్యారు. పూర్తికాలం వైద్యం చేసింది అయిదేళ్లు. అయిదేళ్లకే ఇంత కీర్తా? పైగా ఆ అయిదేళ్లూ ఓట్లకు వేసుకున్న నిచ్చెన కాదా?

నిచ్చెన అయిందన్న మాట నిజమే. నాడి చూసిన ఇళ్లలో ఓటు అడగడం సులువు. సీమలో డాక్టరును నమ్మినంతగా ఇంకెవర్నీ నమ్మరు, ఆ నమ్మకం ఎన్నికల్లో మూటగా వచ్చి పడింది. దాన్ని తప్పుపట్టాల్సిన పని లేదు. చేసిన పనిని చూసి ఓటేయడం ప్రజాస్వామ్యానికి మంచిదే. అయితే దానికో మూల్యం కూడా ఉంది. డాక్టరు నాయకుడైన రోజు ఓపీలో ఒక కుర్చీ ఖాళీ అవుతుంది. ఆసుపత్రి పేరు ఒక కుటుంబంతో, తర్వాత ఒక పార్టీతో ముడిపడిపోతుంది. కక్షలు రగిలిన ఆ నేల మీద, 1998లో రాజారెడ్డినే బాంబులతో చంపిన ఆ నేల మీద, అలాంటి ముడి తేలిక విషయం కాదు. ఇవాళ పులివెందుల వైద్య కళాశాలను రోగి కళ్లతో కాకుండా జెండా రంగుతో చూస్తున్నారంటే, ఆ ముడి ఎంత దూరం వచ్చిందో తెలుస్తోంది.

అయిదేళ్లన్న ప్రశ్నకు మాత్రం జవాబు ఆయన జీవితంలో కంటే ఆ ఊళ్లోనే ఉండిపోయినవాళ్ల జీవితంలో దొరుకుతుంది. డాక్టర్ ఈసీ గంగిరెడ్డి పులివెందులలో చిన్నపిల్లల వైద్యుడిగా దశాబ్దాలు గడిపారు. రాజశేఖరరెడ్డికి వియ్యంకుడిగా బయటి ప్రపంచానికి తెలుసు. పులివెందుల చుట్టుపక్కల మాత్రం ఆయన పేదల డాక్టరు. చిన్నపిల్లల డాక్టరుగా ఒకే ఊళ్లో అన్నేళ్లు ఉంటే ఏం జరుగుతుందో ఊహించుకోవచ్చు: తాను మందిచ్చిన బిడ్డ పెద్దదై తన బిడ్డను చంకనెత్తుకుని వస్తుంది. ఆ ఇంట్లో ఉబ్బసం ఎవరి వైపు నుంచి వస్తోందో, ఏ మందు పడదో, తండ్రి తాగుతాడో లేదో రాసిన కాగితాలు చూడకుండానే డాక్టరుకు తెలిసి ఉంటుంది. 2020 అక్టోబరులో గంగిరెడ్డి కన్నుమూశారు. ఊరెరిగిన డాక్టరుకు నిజమైన కొలమానం ఆయనలాంటి వాళ్లేనని నా అభిప్రాయం. రాజశేఖరరెడ్డి ఆ పద్ధతికి గుర్తింపు తెచ్చారు. దాన్ని నిలబెట్టింది కదలకుండా కూర్చున్నవాళ్లు.

> డాక్టరు ముఖ్యమంత్రులు
> వైద్యం నుంచి ముఖ్యమంత్రి పీఠానికి వెళ్లినవారిలో అందరికీ తెలిసిన పేరు బిధాన్ చంద్ర రాయ్. 1948 నుంచి 1962 దాకా పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి. ఆయన పుట్టిందీ పోయిందీ జులై 1నే. అదే మనకు జాతీయ వైద్యుల దినోత్సవం. ఆంధ్రప్రదేశ్‌కు రెండుసార్లు ముఖ్యమంత్రిగా చేసిన మర్రి చెన్నారెడ్డి కూడా ఎంబీబీఎస్ చదివినవారే. ఆయన మొదటిసారి ముఖ్యమంత్రి అయిన 1978లోనే రాజశేఖరరెడ్డి తొలిసారి శాసనసభకు వచ్చారు.

మంచం పోయి సైరన్ వచ్చింది

2003 వేసవిలో చేవెళ్ల నుంచి ఇచ్ఛాపురం దాకా 1,400 కిలోమీటర్లకు పైగా నడిచి, 2004 మే 14న ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశాక ఆయనలోని డాక్టరు మళ్లీ బయటికొచ్చాడు. 2005 ఆగస్టు 15న 108 సేవ మొదలైంది. ఊళ్లోంచి ఫోను చేస్తే ఆక్సిజనూ, స్ట్రెచరూ, ప్రథమ చికిత్స తెలిసిన మనిషీ ఉన్న బండి ఇంటి ముందుకు రావడం అప్పటిదాకా పల్లెకు తెలియని సంగతి. భుజాల మీద మంచం మోసిన తరానికి ఆ సైరన్ విలువ విడమరిచి చెప్పనక్కర్లేదు.

ఆరోగ్యశ్రీ కథ ముఖ్యమంత్రి సహాయనిధి దగ్గర మొదలైంది. గుండెలో రంధ్రం ఉన్న పిల్లల్ని ఎత్తుకుని తల్లిదండ్రులు ఆపరేషన్ డబ్బుల కోసం అర్జీలతో వచ్చేవారు. ముందు పిల్లల గుండె శస్త్రచికిత్సలకు సాయం చేశారు. అర్జీ పెట్టుకుంటేనే ప్రాణం దక్కడం ఏమిటన్న ఆలోచన నుంచి 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో రాజీవ్ ఆరోగ్యశ్రీ ప్రారంభమైంది, 2008లో రాష్ట్రమంతటికీ విస్తరించింది. అప్పట్లో తెల్లకార్డు ఉన్న కుటుంబం ఏడాదికి 2 లక్షల రూపాయల దాకా నగదు కట్టకుండా పెద్దాసుపత్రిలో వైద్యం పొందగలిగేది. ఆసుపత్రి గుమ్మంలో ఆరోగ్యమిత్ర కూర్చుని కార్డు చూసి దారి చూపించేవాడు. ఎకరం అమ్ముకుని రాయవేలూరు పోయే రోజుల నుంచి ఈ మార్పు ఎంత పెద్దదో సీమ రైతుకు తెలుసు. కడపలో రిమ్స్ వైద్య కళాశాల వచ్చిందీ ఆయన హయాంలోనే.

ఈ పథకాల మీద వచ్చిన విమర్శలను ఆయన అభిమానులు కొట్టిపారేస్తారు. కొట్టిపారేయదగినవి కావు. ప్రజాధనంలో ఎక్కువ భాగం ప్రైవేటు, కార్పొరేటు ఆసుపత్రులకు వెళ్లిందనీ, ప్రాథమిక వైద్యం వెనకబడిందనీ ప్రజారోగ్య నిపుణులు ఆధారాలతో రాశారు. అవసరం లేని గర్భసంచి ఆపరేషన్ల గురించి వచ్చిన ఫిర్యాదులు చిన్నవి కావు. ఆ డబ్బుతో ప్రభుత్వాసుపత్రుల్ని బాగుచేయవచ్చు కదా అన్న ప్రశ్నకు పథకం పెట్టినవాళ్ల జవాబు ఒకటే: రోగి ఈరోజు చచ్చిపోతున్నాడు, ఆసుపత్రి బాగుపడేదాకా ఆగలేడు. గుండెలో రంధ్రం ఉన్న బిడ్డ విషయంలో ఆ జవాబు సరైనదే. ఆ జవాబు చెల్లనిది వేరే రోగుల విషయంలో.

దూరం తగ్గింది, దగ్గర ఖాళీగా ఉండిపోయింది

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల లెక్క ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 ఏళ్లు దాటినవాళ్లలో దాదాపు నాలుగో వంతు మందికి రక్తపోటు ఎక్కువ, అయిదో వంతు మందికి చక్కెర ఎక్కువ. ఈ రెండిటికీ ఆపరేషన్ లేదు, సైరన్ బండి అక్కర్లేదు. నెలకోసారి చేతికి పట్టీ చుట్టి బీపీ చూసే మనిషి కావాలి, మాత్ర ఆపేసినవాడిని ‘ఎందుకాపినావు?’ అని అడిగే మనిషి కావాలి. ఆ మనిషి దొరకక బీపీ పదేళ్లు ముదిరితే పక్షవాతం, షుగరు ముదిరితే మూత్రపిండాలు. అప్పుడు ఆరోగ్యశ్రీగా మొదలైన పథకం డయాలసిస్‌కు డబ్బు కడుతుంది. వారానికి రెండు మూడుసార్లు, బతికినంత కాలం. లింగాలలోనో కొండాపురంలోనో ఒక డాక్టరు ముందే పట్టుకోగలిగినదానికి మనం చివర్లో లక్షలు పోస్తున్నాం. ఎర్రగుంట్ల, జమ్మలమడుగు వైపు నాపరాయి గనుల్లో దుమ్ము పీల్చే కూలి దగ్గు సంగతీ ఇంతే. అతని ఊపిరితిత్తుల మీద మొదటి అనుమానం రావాల్సింది స్థానిక డాక్టరుకే.

ఆ డాక్టరు లేనిచోట ఏం జరుగుతుందో చూడాలంటే ప్రొద్దుటూరు వెళ్లాలి. బంగారానికీ బట్టలకూ పేరుపడ్డ ఆ ఊళ్లో జిల్లా ఆసుపత్రి ఉంది, వీధుల నిండా ప్రైవేటు నర్సింగ్‌హోములున్నాయి, స్కానింగ్ సెంటర్లున్నాయి. చుట్టుపక్కల పల్లెల వాళ్లు తలనొప్పి వచ్చినా నేరుగా అక్కడికే వస్తారు. తలకు ఒక స్పెషలిస్టు, కడుపుకు ఇంకొకరు, మోకాలికి మరొకరు. ఎవరూ చెడ్డవాళ్లు కారు, ఎవరి పని వాళ్లు చేస్తారు. ప్లాస్టిక్ సంచిలో రిపోర్టులు పెరుగుతాయి తప్ప ఆ సంచిని ఒక్కసారి ముందేసుకుని మొత్తం చదివి ‘ఇది ఆపు, ఇది వేసుకో, ఆ ఆపరేషన్ నీకు అక్కర్లేదు’ అని చెప్పేవాడు లేడు. కాన్పుల సంగతే చూడండి. రాష్ట్రంలో ప్రసవాలు దాదాపు అన్నీ ఇప్పుడు ఆసుపత్రుల్లోనే. అది నిజంగా గొప్ప విజయం. అదే సమయంలో, 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే నాటికే ప్రతి 100 కాన్పుల్లో 42 సిజేరియన్లు. ఈ 42లో ఎన్ని తప్పనివో, ఎన్ని తప్పించదగినవో తొమ్మిది నెలలూ ఆ అమ్మాయిని చూసిన డాక్టరు చెప్పగలడు. నొప్పులతో వచ్చినప్పుడు మొదటిసారి చూసినవాడు ఏం చెప్పగలడు?

పాతకాలం మీద మోజుతో ఇలా అంటున్నారనీ, స్టెతస్కోపు పట్టుకున్న ఎంబీబీఎస్ నేటి రోగాలకు చాలడనీ వాదించవచ్చు. ఆ వాదనకు జవాబు వేల్స్ దేశంలో, గ్లిన్‌కోరుగ్ అనే బొగ్గుగని పల్లెలో ఉంది. జూలియన్ ట్యూడర్ హార్ట్ అనే మామూలు జనరల్ ప్రాక్టీషనరు 1960ల నుంచి పాతికేళ్లకు పైగా అక్కడే ఉన్నారు. ఊళ్లో పెద్దవాళ్లందరికీ, రోగమని రానివాళ్లకు కూడా, బీపీ చూసి లెక్క రాశారు, మందు మానకుండా వెంటపడ్డారు. చివరికి చూస్తే ఆ పల్లెలో అకాల మరణాలు పక్క పల్లెకంటే గణనీయంగా తగ్గాయి. వైద్యం ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్లకే తక్కువ అందుతుందన్న సూత్రాన్ని 1971లో రాసిందీ ఆయనే. పులివెందుల ఆసుపత్రి తెరవడానికి రెండేళ్ల ముందు. ఒక ఊరిని అంటిపెట్టుకున్న సాధారణ వైద్యుడు ఏం చేయగలడో ఆధునిక వైద్యశాస్త్రమే కొలిచి చూపిన ఉదాహరణ ఇది. మన దగ్గర 1946లోనే భోర్ కమిటీ అలాంటి సామాజిక వైద్యుణ్ని తయారు చేయాలని చెప్పింది. 2023 ఏప్రిల్‌లో రాష్ట్రంలో మొదలైన ఫ్యామిలీ డాక్టర్ విధానం, ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి (పీహెచ్‌సీకి) ఇద్దరు డాక్టర్లను పెట్టి ఒకరిని 104 సంచార వైద్య బండిలో పల్లెకు పంపాలన్నది, ఆ దారిలో వేసిన అడుగే. ఏ ప్రభుత్వం పెట్టిందన్న లెక్క చూడకుండా దాన్ని బలపరచాల్సింది. బండి ఊరికొచ్చిపోతే మాత్రం చాలదు, ప్రతిసారీ ఆ బండిలోంచి దిగేది అదే డాక్టరు కావాలి.

ఇక చివరి అభ్యంతరం: పల్లెలో ఏ డాక్టరూ ఉండడు. పిల్లల చదువులు, ఇల్లు, పీజీ సీటు, రాత్రిపూట రక్షణ. ఇవన్నీ నిజమైన ఇబ్బందులే. పీజీలో ఇన్‌సర్వీస్ కోటా కోసం పీహెచ్‌సీ డాక్టర్లు 2024లోనూ 2025లోనూ రోడ్డెక్కారు. పల్లెలో పనిచేసినవాడికి పై చదువులో దారి ఇవ్వడమే అతన్ని అక్కడికి రప్పించే పెద్ద తాయిలం. ఆ దారి ఇరుకుచేసి, మళ్లీ డాక్టర్లు రావట్లేదని వాపోవడంలో అర్థం లేదు. ఆసుపత్రి ఆవరణలో మంచి క్వార్టర్సు, పల్లె సర్వీసుకు ఎక్కువ జీతం, అయిదారేళ్లు ఒకేచోట ఉన్నవాడికి పీజీలో ముందు అవకాశం. జమ్మలమడుగు మిషను నూరేళ్ల కిందటే డాక్టరుకు ఆవరణలో ఇల్లు కట్టి ఉంచగలిగింది. ప్రభుత్వానికి చేతకాని పనేమీ కాదు.

> జీవితం, తేదీల్లో
> 1949 జులై 8: జమ్మలమడుగులో జననం. 1972: గుల్బర్గాలో ఎంబీబీఎస్ పూర్తి. 1973: పులివెందులలో రాజారెడ్డి ఆసుపత్రి. 1978: తొలిసారి ఎమ్మెల్యే. 1989 నుంచి నాలుగుసార్లు కడప ఎంపీ. 2004 మే 14: ముఖ్యమంత్రి. 2005: 108. 2007: ఆరోగ్యశ్రీ. 2009 సెప్టెంబరు 2: నల్లమలలో హెలికాప్టర్ ప్రమాదంలో మరణం. సమాధి ఇడుపులపాయలో.

పులివెందుల కళాశాలను అడగాల్సింది

రాజశేఖరరెడ్డి వైద్యంలో రెండు పనులు కలిసి ఉండేవి. ఒకటి ఊళ్లో కూర్చుని రోజూ చూడటం. రెండోది తన చేతిలో లేని రోగాన్ని సకాలంలో పైకి పంపడం. ముఖ్యమంత్రిగా ఆయన రెండోదాన్ని రాష్ట్రమంతటికీ చట్రంగా మార్చారు. ఆయన తర్వాత వచ్చిన ప్రతి ప్రభుత్వమూ పేరు మార్చో, మొత్తం పెంచో దాన్ని కొనసాగించింది తప్ప తీసేయలేకపోయింది. మొదటిదాన్ని మాత్రం ఆయనా పూర్తిచేయలేదు, తర్వాతివాళ్లూ చేయలేదు. ఆయన విషయంలో నా తీర్పు ఇదే, ఇందులో ఆయన్ని తక్కువ చేసేదేమీ లేదు. అయిదేళ్ల ముఖ్యమంత్రిత్వంలో ఒక పని అయింది, ఇంకొకటి మిగిలింది.

పులివెందుల కళాశాలను ప్రభుత్వమే నడిపినా, భాగస్వామి నడిపినా జిల్లా ప్రజలు కొన్ని సంగతులు ఒప్పందంలో రాతపూర్వకంగా అడగాలి. ఓపీ ఉచితంగా ఉంటుందా, ఎన్ని పడకలు పేదలకు? విద్యార్థుల శిక్షణ వేముల, సింహాద్రిపురం, చక్రాయపేట పీహెచ్‌సీల్లో ఎన్ని నెలలు? చదువు పూర్తయ్యాక ఈ జిల్లా పల్లెల్లో పనిచేసేవాళ్లకు ఏమిస్తారు?

ప్రతి జులై 8న ఇడుపులపాయకు దండలు పట్టుకుని వెళ్లే నాయకులకు, ఆయన్ని వ్యతిరేకించే నాయకులకు కూడా, ఒక మనవి. వైద్యుల దినోత్సవం దానికి సరిగ్గా వారం ముందు వస్తుంది. ఆ రోజు ఎవరి మండలంలోని పీహెచ్‌సీకి వాళ్లు వెళ్లండి. ఎన్ని డాక్టరు పోస్టులున్నాయో, ఎన్ని ఖాళీగా ఉన్నాయో, ఉన్న డాక్టరు ఎన్నాళ్లుగా ఉన్నారో కాగితం మీద రాసుకోండి. ఆ కాగితాన్ని కలెక్టరు చేతికిచ్చి, ఆ ఖాళీలు నిండేదాకా నెలనెలా వెళ్లి అడగండి.